మా నాన్న వేసిన సినిమాలు

చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా వినోదం విషయంలో టెక్నాలజీ ఇంత మారింది కదా, అందులో మిమ్మల్ని ఎక్కువగా కదిలించిన మార్పు ఏది అని అడిగారు. నా వరకు అది సినిమా హాలు క్యాబిన్‌లో, అంటే ప్రొజెక్టర్ గదిలో వచ్చిన మార్పు.

మా నాన్న కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరి హాల్లో ముప్పై ఏళ్లకు పైగా ప్రొజెక్టర్ ఆపరేటరుగా చేశారు. నా వేసవి సెలవులన్నీ ఆ క్యాబిన్‌లోనే గడిచాయి. మైకులో వేంకటేశ్వరస్వామి పాట పడితే టికెట్లు ఇవ్వడం మొదలైందని ఊరందరికీ గుర్తు. నాకు మాత్రం అది నాన్న కార్బన్లు బిగిస్తున్నారని గుర్తు.

ఈ కార్బన్ల సంగతి ఇప్పటివాళ్లకి తెలియదు కాబట్టి చెబుతాను. అప్పట్లో ప్రొజెక్టర్‌లో బల్బు ఉండేది కాదు. పెన్సిళ్లలాంటి రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి కరెంటు ఇస్తే మధ్య ఖాళీలో మంట లాంటి వెలుగు పుట్టేది. వెనకున్న అద్దం ఆ వెలుగునంతా ఫిల్మ్ మీదకి తోసేది. కడ్డీలు కాలుతున్నకొద్దీ ఖాళీ పెరిగిపోతుంది, తెర మీద బొమ్మ పచ్చబడిపోతుంది. అందుకని ఆట నడిచినంతసేపూ మరను కొంచెం కొంచెంగా తిప్పుతూ ఆ కడ్డీలను దగ్గరికి జరుపుతూ ఉండాలి. మే నెలలో ఆ గదిలో వేడి, కార్బన్ పొగ, రెండు మిషన్ల మోత. నాన్న బనియన్ పిండితే నీళ్లు కారేవి.

వెయ్యి అడుగుల రీలు తెర మీద 11 నిమిషాలే ఆడుతుంది. రెండేసి రీళ్లు కలిపి ఒక చక్రానికి చుట్టేవారు కాబట్టి ఇరవై నిమిషాలకోసారి ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి మారాలి. ఎప్పుడు మారాలో చెప్పడానికి బొమ్మ కుడివైపు పైమూలలో చిన్న చుక్క పడుతుంది. అది ఉండేది 4 ఫ్రేములు, అంటే ఫిల్మ్ మీద నాలుగు బొమ్మలు, సెకనులో ఆరో వంతు. మొదటి చుక్క పడగానే రెండో మిషన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క, అప్పుడు వెలుగు ఇటు మూసి అటు తెరవాలి. అంతా సరిగ్గా జరిగితే హాల్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్క క్షణం తేడా వచ్చి తెర తెల్లబడిందంటే ఆ రాత్రి నాన్నకి అన్నం సహించేది కాదు. ఎవరూ ఏమీ అనకపోయినా సరే.

ఫిల్మ్ తెగిన రోజు సంగతి వేరే. అప్పుడు అందరూ అనేవారు. నేల టికెట్ నుంచి ఈలలు, "రీలెయ్యరా" అని కేకలు. వెలుగు ముందు ఫిల్మ్ కదలకుండా నిలబడితే అక్కడికక్కడే కాలిపోతుంది. నాన్న ముందు మూత వేసి వెలుగు ఆపేవారు. తర్వాత తెగిన రెండు కొసలూ కత్తిరించి, ఒక కొస మీద పూతను బ్లేడుతో గీకి, సిమెంటు అనే ద్రావకం బ్రష్షుతో రాసి, రెండో కొస దాని మీద పెట్టి బొటనవేలితో నొక్కిపట్టేవారు. గోళ్లరంగు తీసే మందు లాంటి వాసన వచ్చేది. కింద అంతమంది అరుస్తున్నా ఆ వేలు వణకడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. అతికాక మళ్లీ మిషన్‌కి ఎక్కించేటప్పుడు లూపు, అంటే ఫిల్మ్‌ను వదులుగా వదిలే వంపు, సరిగ్గా పడాలి. ఎందుకంటే ఫిల్మ్ మీద బొమ్మ ఒకచోట, దాని మాట దానికి దాదాపు 20 ఫ్రేములు ముందు ఉంటాయి. లూపు తగ్గినా పెరిగినా పెదాలకీ మాటకీ పొంతన కుదరదు. నాన్న పెద్దగా చదువుకోలేదు. ఈ లెక్కలన్నీ ఆయన వేళ్లకి తెలుసు.

సినిమా పెట్టె విజయవాడ గాంధీనగర్‌లోని డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసు నుంచి బస్సు టాపు మీద వచ్చేది. ఇద్దరు పడితే గానీ దిగేది కాదు. ఒక్కోసారి ఒకే ప్రింటుతో రెండూళ్లలో ఆడించేవారు. ఇక్కడ ఆడిన రీళ్లు మోపెడ్ మీద పక్క ఊరికి పరుగు. వానాకాలంలో ఆ కుర్రాడు వచ్చేదాకా అందరికీ టెన్షనే.

తర్వాతివి చకచకా వచ్చాయి. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆదివారం మార్నింగ్ షోకి జనం తగ్గారు. వీడియో క్యాసెట్లు, కేబుల్, సీడీలు వచ్చాయి. కార్బన్లు పోయి జెనాన్ దీపం వచ్చింది. నాన్న దాన్ని మనసారా మెచ్చుకున్నారు, పొగ పోయిందని. చివరికి హాలు మీద డిష్ పెట్టి, క్యాబిన్‌లో సర్వర్ పెట్టారు. సినిమా ఇక పెట్టెలో రాదు, తాళం కోడ్ వస్తే ఆడుతుంది. చుక్కలూ లేవు, రీళ్లు మార్చడమూ లేదు. పాత మిషన్లు రెండూ తూకానికి వెళ్లాయి. వాటిని ఆటో ఎక్కించే ముందు నాన్న తువ్వాలుతో లెన్సులు తుడిచి ఇచ్చారు.

ఇవన్నీ చెప్పి పాత రోజులే బాగుండేవని అనను. కొన్ని వందల సినిమాలు వేసిన మనిషి ఒక్కదాన్ని కూడా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడలేదు. క్యాబిన్ కిటికీలోంచి ఆయన చూసింది కథను కాదు, వెలుగు పచ్చబడుతోందా, ఫోకస్ జారుతోందా అన్నదే. ఇప్పుడు 79 ఏళ్ల వయసులో మా ఇంట్లో సోఫాలో కూర్చుని, అప్పట్లో తాను వేసిన సినిమాలే టీవీలో యూట్యూబ్ పెట్టించుకుని తీరిగ్గా చూస్తున్నారు. ఫలానా సినిమాలో చెల్లెలు చనిపోతుందని యాభై ఏళ్ల తర్వాత తెలిసి కళ్లు తుడుచుకున్నారు. ఆ సీను టైములో తాను రెండో మిషన్ దగ్గర ఉండేవాడినని చెప్పారు. నాకు ఈ కొత్త టెక్నాలజీ మీద ఉన్న కృతజ్ఞతంతా అందుకే.

పోయిన సంక్రాంతికి ఒక పాత నలుపు తెలుపు సినిమా చూస్తున్నాం. ప్రింటు నుంచి ఎక్కించింది కాబట్టి చుక్కలు అలాగే ఉన్నాయి. నాన్న చెయ్యి దానంతట అదే పైకి లేచింది. "మొదటి చుక్క పడింది. ఇప్పుడు రెండోది చూడండి" అన్నారు. పడింది. మా అమ్మాయి "ఏది తాతయ్యా, నాకు కనపడలేదు" అని వెనక్కి తిప్పి, రెండు మూడు సార్లు తప్పిపోయాక సరిగ్గా చుక్క దగ్గర ఆపేసింది.

నాన్న ఉలిక్కిపడి లేవబోయారు. "ఆపకమ్మా, కాలిపోద్ది!"

తర్వాత నెమ్మదిగా టీవీ దగ్గరికి వెళ్లి, ఆ మూల నిలిచిపోయిన చుక్క మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు.