రీటేక్ చేసినా ఆమ్‌కాస్ జీపీఏ అనుకున్నంత పెరగలేదంటే

కారణం ఆ రీటేక్‌ని లెక్కేసే పద్ధతే. మీ కాలేజీ పాత గ్రేడు తీసేసినా, ఆమ్‌కాస్ (అమెరికా మెడికల్ కాలేజీలకి అప్లై చేసే సర్వీస్) తీసెయ్యదు. కెమిస్ట్రీలో ముందు సి, రీటేక్‌లో ఏ వస్తే వాళ్ల లెక్కలో సగటు 3.0, 4.0 కాదు.

1. అప్లికేషన్‌కి ముందే అన్ని ప్రయత్నాలూ కలిపి జీపీఏ లెక్కేసుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి సైన్స్ జీపీఏ వేరుగా వెయ్యాలి. కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లూ మరవద్దు.

2. సి వచ్చిన మిగతావి రీటేక్ చెయ్యకుండా బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ లాంటి పై స్థాయి కోర్సుల్లో ఏ తెచ్చుకోండి. ఆమ్‌కాస్ ఏడాదివారీగా జీపీఏ చూపిస్తుంది, కాబట్టి మొదటి ఏడాది తర్వాత కోలుకున్నారని స్పష్టంగా తెలుస్తుంది.

3. డిగ్రీ అయిపోతే పోస్ట్‌బాక్ (డిగ్రీ తర్వాత చేసే అండర్‌గ్రాడ్ స్థాయి కోర్సులు) చెయ్యండి. ఆ గ్రేడ్లు అండర్‌గ్రాడ్ జీపీఏలో కలుస్తాయి, మాస్టర్స్‌వి కలవవు.

4. ఈ కొత్త గ్రేడ్లు రాకముందే టెన్షన్‌తో ఈ ఏడాదే అప్లై చేయకండి.