లెఫ్ట్ పార్టీలు ఫ్రీ మార్కెట్‌కి ఓకే అంటే ఓట్లు పెరుగుతాయా?

గ్యారంటీ ఏం లేదండి. బ్రిటన్‌లో టోనీ బ్లెయిర్ 1995లో లేబర్ పార్టీ నియమావళిలోంచి ఉమ్మడి యాజమాన్యం క్లాజు (పరిశ్రమలు జనం ఉమ్మడి ఆస్తిగా ఉండాలనేది) తీయించి 1997 ఎన్నికల్లో ఊడ్చేశాడు, నిజమే, కానీ అప్పటికే జనం 18 ఏళ్ల కన్జర్వేటివ్ పాలనతో విసిగిపోయున్నారు. బెంగాల్లో సీన్ రివర్స్, ముఖ్యమంత్రి బుద్ధదేవ్ లెఫ్ట్ సర్కారు టాటా నానో కార్ల ఫ్యాక్టరీ కోసం సింగూరులో భూములు తీసుకుంది, 2007లో నందిగ్రామ్‌లో భూసేకరణ గొడవలో పోలీసు కాల్పులు, 2011లో 34 ఏళ్ల ప్రభుత్వం పోయింది. అయినా గవర్నమెంటే బలవంతంగా లాక్కుని కంపెనీకిస్తే అది ఫ్రీ మార్కెట్ ఎలా అవుద్ది?

మా బెజవాడ బీసెంట్ రోడ్డులో తోపుడుబండి పెట్టుకున్నోళ్లు చేసేదీ వ్యాపారమే, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు దించిన రైతుకి కావాల్సింది కూడా పోటీ పడి కొనేవాళ్లే, కొనేవాళ్లు కుమ్మక్కైతే మునిగేది ఆయనే. పోటీ ఉండాలి, కుమ్మక్కు ఉండకూడదు అని లెఫ్ట్ పార్టీలు గట్టిగా చెప్పుకుంటే చాలు నా లెక్కలో. పూర్తిగా అటు దూకితే మాత్రం, ఆ పాట పాడే పార్టీలు ఆల్రెడీ బోలెడున్నాయి, వీళ్లకెందుకు వేస్తారు?