చెన్నైలో మేడ మీద ఎండాకాలం ఏ పూల మొక్కలు నిలబడతాయి?

మేడ మీద గులాబీలు, పెట్యూనియాలు మాడిపోతున్నాయి, ఎడారి మొక్కలు పెట్టుకుంటే చెన్నై ఎండకు ఆగుతాయా అని అడిగారు. అన్నీ ఆగవు. ఎడారిలో పగలు ఎంత కాల్చినా రాత్రికి చల్లబడుతుంది. ఇక్కడ మే నెలలో తెల్లవారుజామున కూడా 28 డిగ్రీలు, పైగా సముద్రపు ఉక్క. మొక్క తేరుకునే వేళే ఉండదు. ఎక్కడో పొడి ప్రాంతాల వీడియోలు చూసి ఎచెవేరియాలు (గులాబీ పువ్వులా అమరిన దళసరి ఆకుల మొక్కలు) కొంటున్నారు. అవి ఇక్కడ ఎండకు పోవు, ఉక్కకు కుళ్లిపోతాయి.

నాచు పూలు, బిళ్ల గన్నేరు, కాగితం పూలు, అడీనియం (ఎడారి గులాబీ), మల్లె నిలబడతాయి. ఫిబ్రవరి చివర చల్లితే జీనియా కూడా కర్తరి నాటికి పూతకొస్తుంది.

అయినా మొక్క కన్నా కుండీ ముఖ్యం. మధ్యాహ్నం మూడింటికి పడమటి ఎండ తగిలే నల్ల ప్లాస్టిక్ కుండీ మీద చెయ్యి ఆనించలేరు. మట్టి ముద్దను మెల్లగా బయటికి తీస్తే పడమటి వైపు వేరు కొసలు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి, తూర్పు వైపువి తెల్లగానే ఉంటాయి. ఆకు వాడేది అందుకే. అది చూసి దాహమనుకుని అప్పుడే గొట్టం తిప్పుతారు. గొట్టంలో నిలిచిన నీళ్లు కాగి ఉంటాయి, మిగిలిన వేళ్లు కూడా ఉడికిపోతాయి.

12 అంగుళాల మట్టి కుండీ తీసుకుని బయట రెండు పూతలు సున్నం వేయండి. కింద ఇటుక ముక్కలు పెట్టి డాబాకు ఆనకుండా లేపండి. ప్లాస్టిక్ కుండీలే ఉంటే పెద్దదాంట్లో దించి మధ్య సందులో ఇసుక నింపండి. మట్టికి ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒకటి, వర్మీకంపోస్టు ఒకటి. అడీనియంకు సగం ఇసుక, ఇటుక పెళ్లలే. వట్టి కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పొట్టులో, మొక్కలు అమ్మే నర్సరీలంటే నాకు ఒళ్లు మంట. అది ఒకసారి బాగా ఎండితే నీళ్లు పీల్చదు. పోసినవి అంచు వెంట జారి కిందకు కారిపోతాయి, మీరేమో తడిసిందనుకుంటారు.

నీళ్లు పొద్దున ఏడులోపే, అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. బోరు నీళ్లయితే కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, ఆకు అంచులు మాడతాయి. రెండు వారాలకోసారి మంచినీళ్లు ధారగా పోసి ఉప్పును కడిగేయండి. కర్తరి రోజుల్లో యూరియా, డీఏపీ ముట్టుకోవద్దు.

నాచుకు ఆరేడు గంటల నేరుటెండ తగలాలి, షేడ్ నెట్ కింద పెడితే మొగ్గ విచ్చదు. సాగిన కొమ్మల్ని నాలుగేసి అంగుళాలు తుంచి గుచ్చితే వారంలో వేరు పడుతుంది. బిళ్ల గన్నేరు ఎండకు చావదు, మొదలు దగ్గర నీరు నిలిస్తే కాండం నల్లబడి ఒక్కసారిగా వాలిపోతుంది. కాగితం పూలకు రోజూ నీళ్లు పోస్తే ఆకులే వస్తాయి. లేత కొమ్మలు కాస్త వాలాక పోయండి, రంగు అప్పుడొస్తుంది. మల్లెకు ఒక విడత పూత అయిపోగానే కొసలు కత్తిరించండి.

పెట్యూనియాల మీద ఇక డబ్బు పెట్టకండి, ఇక్కడ అవి డిసెంబరు చలిలో పూసేవి. మిగిలిన గులాబీలను మధ్యాహ్నం నీడ పడేలా గోడకు తూర్పు పక్కకు జరపండి. ఇప్పుడు గట్టిగా కత్తిరించొద్దు, వాడిన పూలు మాత్రం తీసేయండి.