641తో నిశ్శేషంగా తెగిన సంఖ్య

పది అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో కంప్యూటర్ లేకుండా తేల్చగలమా అని మీరు అడిగారు. తప్పకుండా తేల్చగలము. నేను పదో తరగతిలో నల్లబల్ల మీద సుద్దముక్కతో తేల్చాను.

ఆ సంఖ్య 4294967297. 2 యొక్క 32వ ఘాతానికి 1 కలిపితే వస్తుంది. 2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతాలకు 1 కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 ఉన్న వరుసలో, ఘాతం ప్రతిసారీ రెట్టింపవుతూ పోతుంది కనుక, దీనిది ఆరో స్థానం. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫ్రాన్సుకు చెందిన గణితవేత్త ఫెర్మా 1640లో నమ్మాడు. మా లెక్కల మాస్టారు సాయంత్రం దీన్ని బల్ల మీద రాసి, రేపటికి కారణాంకం తెమ్మన్నారు. వర్గమూలం 65536కు కాస్త పైన ఉంటుంది కనుక, దాని లోపు ఉన్న 6542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలని నేను అనుకున్నాను; 3తో మొదలుపెట్టి 97 దాకా వెళ్ళేసరికి రఫ్ నోట్సు నిండిపోయింది.

మర్నాడు మాస్టారు ఒకే మాట చెప్పారు. దీనికి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 128తో భాగించినప్పుడు 1 శేషం రావాలి. అంటే 129, 257, 385, 513, 641... వీటిలో 129, 513 మూడుతో పోతాయి, 385 అయిదుతో పోతుంది. 257తో భాగిస్తే 2 మిగిలింది. తరువాత 641తో భాగించమని నన్ను పిలిచారు. మొదట 448 మిగిలింది, 9 దించగానే శేషం 2కు పడిపోయింది, భాగఫలంలో వరుసగా రెండు సున్నాలు వచ్చాయి, మళ్ళీ అదే 448 ఎదురైంది, ఈసారి చివరి 7 దించితే 4487 అయి, ఏడు 641లకు సరిగ్గా సరిపోయింది. భాగఫలం 6700417. గణితవేత్త అయిలర్ 1732లో కనుగొన్న కారణాంకాలు ఇవే. ఆ రెండో 448 నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

ఫోనులో సంఖ్య కొట్టి కారణాంకాలు చూపించి, ఇదే గణితమని పిల్లలను నమ్మించే ఇప్పటి పద్ధతి నాకు బాధ కలిగిస్తుంది. చేత్తో భాగించని వారికి సంఖ్య మీద మమకారం కలగదని నా దృఢ నమ్మకం. ఫెర్మా పొరపడ్డాడని తేలికగా మాట్లాడేవారు కూడా, తనకు నిరూపణ దొరకలేదని ఆయనే ఉత్తరంలో ఒప్పుకున్న సంగతిని ప్రస్తావించరు.

భాగహారం కూడా లేని దారి ఒకటుంది. 641 అంటే 640కి 1 కలిపినది, 625కు 16 కలిపినది కూడా. 640 అనేది 641కి ఒకటి తక్కువ కనుక 641తో భాగిస్తే దాని శేషాన్ని −1గా తీసుకోవచ్చు, కనుక దాని నాలుగో ఘాతానికి శేషం 1. ఆ నాలుగో ఘాతం 625ను 2 యొక్క 28వ ఘాతంతో గుణించినదే. 625 అనేది 641కి 16 తక్కువ కనుక 625 స్థానంలో −16 పెట్టండి; 16 అంటే 2 యొక్క 4వ ఘాతమే. 2 యొక్క 32వ ఘాతానికి శేషం −1 అవుతుంది, దానికి 1 కలిపితే ఏమీ మిగలదు.

ఇందులో 2 తీసివేసి చూడండి. 4294967295 అనేది 3, 5, 17, 257, 65537ల లబ్ధం. ఈ వరుసలో ఇంతవరకు దొరికిన ప్రధాన సంఖ్యలు ఆ అయిదే.