డాక్టర్ సలహా: ఎక్కించిన మూలకణాలు గుండెలో ఉన్నాయో లేదో ఏ స్కాన్‌లో తెలుస్తుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్లు. ఏడాది కిందట హార్ట్ అటాక్ వచ్చి స్టెంట్ వేశారు. అప్పుడు ఈఎఫ్ (గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో బయటికి పంపే వంతు) 28 శాతమే ఉందన్నారు. నాలుగు నెలల కిందట వేరే ఊళ్లో ఒక సెంటర్‌లో రెండు విడతలుగా స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఇప్పించాం. చేతి నరానికి సెలైన్ పెట్టినట్టే పెట్టారు. మూడున్నర లక్షలు అయింది. మొన్న ఎకోలో ఈఎఫ్ 33 వచ్చింది. ఆ కణాలు గుండెలో అతుక్కున్నాయా, బతికే ఉన్నాయా అని చూడాలంటే ఎంఆర్‌ఐ తీయించాలా, పెట్ స్కానా? ఎంఆర్‌ఐ చాలని సెంటర్ వాళ్లు, పెట్ అయితేనే కనిపిస్తాయని మా బంధువు అంటున్నారు. మూడో విడతకు ముందే తేల్చుకుందామని అడుగుతున్నాను. బీపీ 110 దాటడం లేదని రెండు నెలలుగా బీపీ మాత్రలు రెండూ ఆపేశాం. వారం నుంచి కాళ్లు కొంచెం వాస్తున్నాయి, రాత్రి దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటున్నారు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపు మాత్ర వేస్తున్నాం.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్కాన్ గురించి ఇంత రాసి, కాళ్ల వాపును చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఓపీ మధ్యలో రాస్తున్నాను, అందుకే ముందు ఆ చివరి ముక్క సంగతే చూద్దాం.

గుండె ఇంత బలహీనంగా ఉన్న మనిషికి కాళ్లు వాచి, దిండు ఎత్తు పెంచుకోవాల్సి వస్తోందంటే ఒంట్లో నీరు చేరుతోందని మేము మొదట అనుమానిస్తాం. సాయంత్రం పూట మోకాలి కింద, ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కండి. వేలు తీశాక అక్కడ గుంట అలాగే ఉండిపోతే అది నీరే అయి ఉండొచ్చు. రేపు పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాసిపెట్టండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండితో పెరిగిన బరువు కాదు. అయితే ఈ కొలతలన్నీ అయ్యేదాకా ఇంట్లో కూర్చోవద్దు. ఇది చదివిన రోజో, మర్నాడో స్టెంట్ వేసిన కార్డియాలజిస్టుకు చూపించండి. పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, దడ పుట్టినా, కళ్లు తిరిగి పడిపోయినా అపాయింట్‌మెంట్ అని ఆగకుండా 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

రెండోది, మీరు ఆపేసిన "బీపీ మాత్రలు". పేర్లు రాయలేదు కాబట్టి ఊహించి చెబుతున్నాను. ఒకటి మెటోప్రొలాల్ లేదా బిసోప్రొలాల్, ఇంకోటి రామిప్రిల్ లేదా సాకుబిట్రిల్-వల్సార్టాన్ లాంటిది అయి ఉంటుంది. మెడికల్ షాపులో అడిగితే ఇవి బీపీ మాత్రలనే చెబుతారు. అబద్ధమేమీ కాదు, బీపీకి కూడా వాడతాం. కానీ మీ నాన్నగారికి రాసింది బీపీ కోసం కాదు. దెబ్బతిన్న గుండె ఇంకా సాగిపోకుండా, లయ తప్పకుండా, మళ్లీ ఆస్పత్రి పాలు కాకుండా రాశారు. ఇలాంటి గుండె ఉండి, కళ్లు తిరగడం లాంటి ఇబ్బందేమీ లేకపోతే 110 బీపీ చూసి మేము సంతోషిస్తాం. మీరు దాన్ని చూసే మాత్రలు ఆపారు. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. వారానికి ఇద్దరు ముగ్గురైనా నా బల్ల ముందు కూర్చుని "బీపీ నార్మల్‌కి వచ్చింది సార్, అందుకే మానేశాం" అంటారు. రాసినప్పుడే ఇది బీపీ మాత్ర కాదు, గుండె మాత్ర అని మేం ఒక్క మాట చెప్పి ఉంటే సగం గొడవ తప్పేది. ఆ తప్పు మాదే.

అలాగని ఈ రాత్రే పాత డోసు మొదలుపెట్టేయకండి. ఒంట్లో నీరు ఉన్నప్పుడు మెటోప్రొలాల్ లాంటిది ఒక్కసారిగా పూర్తి మోతాదులో వేస్తే గుండె ఇంకా నీరసించొచ్చు. ముందు నీరు తీసి, చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. అది చూసిన డాక్టరు చేయాల్సిన పని, పేపరు డాక్టరు చేసేది కాదు. ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబరిచే మాత్ర గురించి మీరేమీ రాయలేదు. దాన్ని మాత్రం ఎవరు చెప్పినా, కార్డియాలజిస్టును అడగకుండా ఆపకండి.

ఇక మోకాళ్ల మాత్ర. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఈ కోవలోవన్నీ ఉప్పునూ నీటినీ ఒంట్లో పట్టి ఉంచుతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. గుండె మాత్రలు ఆపి, ఈ మాత్ర మొదలుపెట్టారు. కాళ్లు వాచాయంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇది మాత్రం ఇవాళే మానేయొచ్చు. నొప్పికి ఏం వాడాలో కార్డియాలజిస్టునే అడగండి.

ఇప్పుడు మీరడిగిన సంగతి. ఎంఆర్‌ఐ తీసినా, పెట్ తీసినా మీ నాన్నగారికి ఎక్కించిన కణాలు కనిపించవు. మిషన్ పాతదని కాదు, ఎక్కడికి వెళ్లినా అంతే. ఒక కణం మిల్లీమీటరులో వందో వంతు, మహా అయితే యాభయ్యో వంతు ఉంటుంది. గుండె ఎంఆర్‌ఐలో ఒక్క చుక్కే మిల్లీమీటరు పైన ఉంటుంది. అందులో వేల కణాలు ఇమిడిపోతాయి. పైగా ఎక్కించిన కణానికీ పక్కనున్న కణానికీ స్కాన్ కంటికి తేడా ఉండదు. మందలో మన గొర్రెను పట్టుకోవాలంటే వదిలేముందే వీపు మీద రంగు పూయాలి కదా. కణాలకూ ఎక్కించేముందే ల్యాబ్‌లో గుర్తు వేయాలి. మీ సెంటర్ వాళ్లు వేశారా? వేసి ఉంటే ఏం వేశారో డిశ్చార్జి కాగితాల్లో ఉండాలి. లేకపోతే ఇప్పుడు వెతకడానికేమీ లేదు.

గుర్తు వేసినా లెక్క అంత తేలిక కాదు. పెట్ స్కాన్ కోసం కణాలకు ఎఫ్‌డీజీ అనే రేడియోధార్మిక చక్కెర పట్టిస్తారు. అందులోని ఫ్లోరిన్-18 శక్తి 110 నిమిషాలకు సగమైపోతుంది. మర్నాటికి ఏమీ మిగలదు. ఇండియం-111 అనే ఇంకో రేడియోధార్మిక పదార్థం వేస్తే కొన్ని రోజులు దొరుకుతుంది, నెలలు కాదు. 2005లో జర్మనీలోని హానోవర్ డాక్టర్లు హార్ట్ అటాక్ వచ్చినవాళ్ల ఎముక మజ్జ కణాలకే ఎఫ్‌డీజీ గుర్తు వేసి, గంట తర్వాత పెట్‌లో చూశారు. క్యాథెటర్‌తో నేరుగా గుండె రక్తనాళంలోకి వదిలినా గుండెలో దొరికింది 1.3 నుంచి 2.6 శాతమే. ఏరి, వేరుచేసిన ఒక రకం కణాలైతే 14 నుంచి 39 శాతం. మిగతావి ఎక్కువగా కాలేయానికి, ప్లీహానికి వెళ్లిపోయాయి. చేతి నరం ద్వారా ఇచ్చినవాళ్ల గుండెలో చెప్పుకోదగ్గ జాడే లేదు. మీ నాన్నగారికి ఇచ్చింది చేతి నరానికే. ఇలా ఇస్తే ముందు ఎదురయ్యేది ఊపిరితిత్తులు, చాలా కణాలు అక్కడే చిక్కుకుంటాయి.

మీ బంధువు చెప్పిన పెట్ ఉత్తుత్తిది కాదు. గుండెలో ఏ భాగం చచ్చింది, ఏది బతికుంది అని చూడటానికి మేమూ రాస్తాం. కాకపోతే ఎర్రగా, పసుపుగా వెలిగేది మీ నాన్నగారి సొంత కండరం. దాన్ని చూపించి "ఇవిగో మా కణాలు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎంఆర్‌ఐకైతే కణాలకు ఇనుప రేణువులు పట్టిస్తారు. ఇనుము ఉన్నచోట బొమ్మలో సిరా చుక్క పడ్డట్టు నల్లగా అవుతుంది. వారాల తరబడి కనిపిస్తుంది కాబట్టి మొదట్లో అందరికీ ఇది నచ్చింది. తీరా జంతువుల మీద చూస్తే కణం చచ్చిపోయినా ఇనుము మాత్రం అక్కడే ఉంది. చచ్చిన కణాన్ని మింగే మాక్రోఫేజ్‌లు దాన్ని కడుపులో పెట్టుకుని కూర్చున్నాయి. మచ్చ అలాగే ఉంది, కణం లేదు. హార్ట్ అటాక్‌లో లోపల రక్తం చిమ్మిన చోటా నల్లగానే ఉంటుంది, స్టెంట్ దగ్గరా నల్లనీడే పడుతుంది. మీ సెంటర్ వాళ్లు నల్లచుక్క చూపిస్తే ఈ మూడింట్లో అది ఏదో అడగండి.

బతికున్న కణాన్నే చూపించే పద్ధతి ఒకటుంది. కణంలోకి ముందే ఒక జన్యువు పెడతారు. కణం బతికున్నంతకాలం ఆ జన్యువు ఒక పదార్థం తయారుచేస్తుంది, తర్వాత ఇచ్చిన మందు దానికి అతుక్కుని పెట్‌లో వెలుగుతుంది. జోసెఫ్ వు, సంజీవ్ గంభీర్ బృందం 2003లో ఎలుకల గుండెల్లో ఇలా చూపించింది. కణం జన్యువుల్లో చెయ్యి పెట్టాలి కాబట్టి ఇది పరిశోధన గదుల పని. బిల్లు కట్టి డయాగ్నస్టిక్ సెంటర్‌లో తీయించుకునేది కాదు.

గుర్తు సరిగ్గా వేయకపోతే ఏమవుతుందో మా రంగం అనుభవించి తెలుసుకుంది. ఎముక మజ్జ కణాలు ఎలుక గుండెలో కొత్త కండరంగా మారాయని 2001లో పియెరో అన్వెర్సా బృందం నేచర్ పత్రికలో రాసింది. ప్రపంచమంతా ఆ దారి పట్టింది. కణం నిజంగా గుండె కండరమైతేనే బయటపడే గుర్తు పెట్టి చూసిన చార్లెస్ మర్రీ బృందానికి 2004లో అలాంటిదేమీ కనిపించలేదు. ఆ తర్వాత 2018లో అన్వెర్సా ల్యాబ్ నుంచి వచ్చిన 31 పరిశోధన పత్రాలను వెనక్కి తీసుకోవాలని ఆయన పనిచేసిన హార్వర్డ్ విశ్వవిద్యాలయమే పత్రికలను కోరింది. ఈ మధ్యలో ఎంతమంది రోగులు ఆశతో చేతులు చాచారో తలచుకుంటే బాధేస్తుంది.

28 నుంచి 33కి పెరిగిందన్న సంతోషాన్ని తుంచేయాలని లేదు. కానీ ఒకే ఎకోను ఇద్దరు చదివితేనే అయిదు పాయింట్ల తేడా రావచ్చు. స్టెంట్ వేశాక, మీరు ఆపకముందు వాడిన మాత్రల వల్ల కూడా పెరిగి ఉండొచ్చు. అదే హానోవర్ వాళ్లు 60 మందితో చేసిన బూస్ట్ అనే పరీక్షలో కణాలు ఇచ్చినవాళ్లకు ఆరు నెలల్లో 6.7 పాయింట్లు పెరిగింది, ఇవ్వనివాళ్లకు 0.7. పద్దెనిమిది నెలలకు చూస్తే ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. అక్కడ కణాలు గుండె నాళంలోకే వదిలారని గుర్తుపెట్టుకోండి.

33 అంటే ఇంకా 35 లోపే. మూడో విడత కంటే నాకు ఇదే టెన్షన్. మాత్రలు సరిగ్గా కనీసం మూడు నెలలు వాడాక కూడా 35 దాటకపోతే, ప్రాణం తీసేలా గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే పరికరం అవసరమా అని మాట్లాడుకోవాలి. మీ నాన్నగారి విషయంలో ఆ మూడు నెలల లెక్క మీరు మాత్రలు ఆపడంతో చెడింది. కార్డియాలజిస్టుతో ఈ మాట తప్పక ఎత్తండి. ఆయన ఎంఆర్‌ఐ రాస్తే తీయించండి. మచ్చ ఎంత ఉందో, గుండె ఎంత సాగిందో దానికి మించి చెప్పే పరీక్ష తక్కువ. ఒంట్లో పరికరమేదైనా ఉంటే, కిడ్నీ రిపోర్టు తేడాగా ఉంటే స్కాన్ వాళ్లకు ముందే చెప్పాలి.

మూడో విడతకు డబ్బు కట్టొద్దనే నా సలహా. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో మూలకణాల చికిత్సగా ఒప్పుకున్నది కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడినే. గుండెకు ఇస్తే అది క్లినికల్ ట్రయల్ కింద జరగాలి, క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీలో ఎక్కి ఉండాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మీ దగ్గర మూడున్నర లక్షలు తీసుకున్నారు. ఆ సెంటర్ గురించి ఒకవైపు మాట విని నేనేమీ తేల్చను. సీటీఆర్‌ఐ నంబరు, మీరు సంతకం పెట్టిన కాగితం నకలు అడగండి. ఇవ్వడానికి నసిగితే మీకే అర్థమవుతుంది.

మనిషిని చూడకుండా, రిపోర్టులు ముట్టకుండా రాసిన మాటలివి. చూసిన డాక్టరు వేరేగా చెబితే ఆయన మాటే వినండి. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి సమ్మరీ, రెండు ఎకోలు, సెంటర్ వాళ్ల కాగితాలు తీసుకెళ్లండి. ఆపేసిన మాత్రల స్ట్రిప్పులు, మోకాళ్ల మాత్ర స్ట్రిప్పు కూడా అదే సంచిలో వేసుకోండి. ఆ చివరిది దాచిపెడతారు చాలామంది.