ఇంట్లో ఆకుకూరలకు మొదటి గ్రో లైట్ ఎలాంటిది కొనాలి?

అనంతపురంలో ఎండ రాని అపార్ట్‌మెంట్ గదిలో మెంతికూర, కొత్తిమీర పెంచడానికి ఏ ఎల్ఈడీ గ్రో లైట్ కొనాలని అడిగారు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే ‘1000 వాట్లు’ నమ్మకండి. లైటు నిజంగా ఎంత కరెంటు తీసుకుంటుందో చూడండి. రెండడుగుల పొడవు, వెడల్పు ఉన్న జాగాలో ఆకుకూరలకు 40–50 వాట్లు చాలు. టమాటా, మిరప కాయాలంటే దాదాపు రెట్టింపు కావాలి.

ఊదారంగు వెలుగుది వద్దు, తెల్లని ఫుల్ స్పెక్ట్రమ్ (ఎండలోలా అన్ని రంగుల కాంతీ ఉండేది) తీసుకోండి. దాని కింద ఆకు పసుపెక్కినా, పేనుబంక పట్టినా వెంటనే తెలుస్తుంది. మొక్కలకు అడుగు ఎత్తున వేలాడదీసి, టైమర్‌తో 12 గంటలు వెలిగించండి. 50 వాట్లకు నెలకు 18 యూనిట్లే, బిల్లు టెన్షన్ అక్కర్లేదు. మన ఎండాకాలంలో మాత్రం రాత్రి 7 నుంచి పొద్దున 7 దాకా పెట్టండి. వేడికి కొత్తిమీర త్వరగా పూతకొస్తుంది.