పాత బుల్లెట్‌లో బ్యాటరీ నిలవట్లేదు, కిక్ వెనక్కి తంతోంది: ఆల్టర్నేటర్ మార్చాలా?

1990ల నాటి బుల్లెట్ 350కి కొత్త బ్యాటరీ వేసినా వారంలో దిగిపోతోంది, కిక్ వెనక్కి తంతోంది, ఆల్టర్నేటర్ మొత్తం మార్చాలంటున్నారు అని రాశారు. ఇప్పుడే మార్చకండి. మా నాన్నగారి 1992 బండికి ఇదే జబ్బు వస్తే ఏడాదిలో రెండు బ్యాటరీలు, ఒక రెగ్యులేటర్ మార్పించాను. తీరా చూస్తే తప్పంతా ఒక వైరుదే.

ఈ ఇంజన్‌లో ఆల్టర్నేటర్ ఎడమవైపు ప్రైమరీ చైన్ కవర్ లోపల, ఆయిల్ మధ్యలోనే ఉంటుంది. క్రాంక్ చివర బిగించిన మ్యాగ్నెట్ తిరుగుతుంటే దాని చుట్టూ ఉన్న కాయిళ్లలో ఏసీ కరెంటు పుడుతుంది. రెక్టిఫయర్ దాన్ని డీసీ చేసి బ్యాటరీకి పంపుతుంది.

ముందు బండి స్టార్ట్ చేసి, కాస్త రేస్ ఇచ్చి బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టుల బండికి 13.5 నుంచి 14.5 దాకా రావాలి. రాకపోతే కాయిల్ వైర్ల కనెక్టర్ ఊడదీసి, ఒక్కో వైరుకూ ఇంజన్ బాడీకీ మధ్య కంటిన్యూటీ (కరెంటు పోయే దారి ఉందా అని) మల్టీమీటర్‌తో చూడండి. బీప్ వస్తే వైరు బాడీకి తగులుతున్నట్టే. మా బండికి అక్కడే బీప్ వచ్చింది.

ఎడమ ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ తీసి, కింద ట్రే పెట్టి, కవర్ మధ్యలో ఉన్న ఒక్క నట్టు విప్పాం. వైరు బయటికొచ్చే రంధ్రంలో ఉండే రబ్బరు రింగు, అంటే గ్రామెట్, వేడి ఆయిల్‌లో నాని నాని రాయిలా అయిపోయింది. దాని అంచు వైరు తొడుగును కోసేసి, లోపలి రాగి తళతళలాడుతూ కనపడింది. ఇంజన్ అదిరినప్పుడల్లా అది బాడీకి తగిలి షార్ట్ అయ్యేది. కొత్త స్లీవ్, కొత్త గ్రామెట్ వేశాం, అంతే.

కవర్ విప్పినప్పుడే మ్యాగ్నెట్‌కీ కాయిల్‌కీ మధ్య సందు కూడా చూడండి. చుట్టూ సమానంగా 0.2 మి.మీ. ఉండాలి. సందు కొలిచే స్టీల్ పట్టీని (ఫీలర్ గేజ్) మ్యాగ్నెట్ లాగేసుకుంటుంది, ఇత్తడిది గానీ ప్లాస్టిక్ పట్టీ గానీ వాడండి.

కిక్ వెనక్కి తన్నడానికి ఆల్టర్నేటర్‌తో సంబంధం లేదు. పిస్టన్ పైకి చేరడానికి మరీ ముందే స్పార్క్ వస్తే తంతుంది. స్పార్క్ టైమింగ్ చూసే డిస్ట్రిబ్యూటర్‌లో, వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకు జరిపే అడ్వాన్స్ బరువులు ఇరుక్కున్నాయేమో, స్ప్రింగులు సాగాయేమో చూసి టైమింగ్ పెట్టించండి. కిక్ పద్ధతి కూడా ముఖ్యం. తాళం చెవి ఆన్ చేసి మెల్లగా కిక్ నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా ఆగుతుంది, ఆంపియర్ మీటర్ ముల్లు మైనస్ నుంచి మధ్యకొస్తుంది. అంటే స్పార్క్ పుట్టించే స్విచ్ లాంటి పాయింట్లు తెరుచుకున్నాయన్నమాట. అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి వదిలే లివర్, డీకంప్రెసర్, పట్టి కొంచెం ముందుకు నొక్కి వదలండి. కిక్ పైకి రానిచ్చి, చివరిదాకా ఒక్క తన్ను తన్నండి. సగం కిక్‌లు మాత్రం వద్దు, మడమ దెబ్బతింటుంది.

కవర్ విప్పాక గ్రామెట్ దగ్గర ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.